పన్నెండు టేబుళ్ళ లెక్క

2021లో భోగాపురంలో కూర్చుని ఫోనులో పోకర్ ఆప్ తెరిస్తే, ముక్కలు పంచడానికి ముందే అది మీరెక్కడున్నారో చూసుకునేది. ఆంధ్రప్రదేశ్ అని తేలిందా, డబ్బు టేబుళ్ళు మూసుకుపోయేవి. ఉత్తుత్తి చిప్స్‌తో ఎంతసేపు ఆడుకున్నా అడ్డులేదు, రూపాయి మాత్రం పెట్టనివ్వదు. అంతకుముందు ఏడాది సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీనీ పోకర్‌నీ నిషేధించింది. తెలంగాణ ఆ పని 2017లోనే చేసింది. జాతీయ రహదారి పట్టుకుని ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్ళినా ఆప్ అదే జవాబు చెప్పేది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకంతో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ గీతలన్నీ చెరిపేసి దేశమంతటికీ ఒకటే గీత గీసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట నైపుణ్యంతో ఆడేదైనా అదృష్టంతో ఆడేదైనా సరే, నడపకూడదు. నడిపితే మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా.

‘నైపుణ్యమా, అదృష్టమా’ అన్న మాట వెనక చాలా పాత కథ ఉంది, అదీ తెలుగునేల మీదిదే. 1963లో సికింద్రాబాదులో ఒక రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడిచేసి రమ్మీ ఆడుతున్నవాళ్ళను పట్టుకున్నారు. ఆ కేసు ‘ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ’ పేరుతో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం, రమ్మీ అలా కాదు, ఏ ముక్క పడిందో గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పడేయాలో ఆలోచించాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యంతో ఆడేదే అని కోర్టు అంది. తర్వాత యాభై ఏళ్ళపాటు ఈ దేశంలో పేకాట కేసులన్నీ ఈ తీర్పు చుట్టూనే తిరిగాయి. ఆన్‌లైన్ కంపెనీలు లాయర్లకు కట్టిన ఫీజుల్లో సగం ఈ ఒక్క తీర్పు చదివి వినిపించడానికే అయ్యుంటాయని నా అనుమానం.

గణితం వైపు నుంచి చూస్తే ఆ ప్రశ్న అడిగిన తీరులోనే ఒక ఇబ్బంది ఉంది. నైపుణ్యం ఎంత, అదృష్టం ఎంత అన్నది ఆట ఒక్కదాన్నే చూసి చెప్పలేం. ఎన్ని ఆటలయ్యాక చూస్తున్నామో కూడా చెప్పాలి. ఒక్క ఆటలో పోకర్ దాదాపు అదృష్టమే. పది లక్షల ఆటల్లో దాదాపు నైపుణ్యమే. మరి పది లక్షల ఆటలు ఎవరు ఆడతారు? ఎప్పటికి పూర్తిచేస్తారు? ఈ ప్రశ్నకు జవాబుగా ఆన్‌లైన్ ఆటగాళ్ళు కనిపెట్టిన పద్ధతే ఒకేసారి చాలా టేబుళ్ళ మీద ఆడటం.

ఆట తెలియనివారికి రెండు ముక్కల్లో చెప్తాను. ఇప్పుడు ఎక్కువగా ఆడేది టెక్సస్ హోల్డెమ్. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు బల్ల మీద తెరుస్తారు, మొదట మూడు, తర్వాత ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి. ప్రతి దశలోనూ పందెం కాయాలి, లేదా పెంచాలి, లేదా చేతిలోవి పడేసి తప్పుకోవాలి. చివరికి మిగిలినవాళ్ళలో మంచి ముక్కలున్నవాడిది మధ్యలో పోగైన సొమ్ము. ఆ సొమ్మునే పాట్ అంటారు. ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా కొంత పెట్టాలి. రూపాయి ఒకరు, రెండు రూపాయలు ఒకరు అనుకోండి, ఆ రెండు రూపాయలది పెద్ద బ్లైండ్. ఇకమీదట నేను బ్లైండ్ అంటే దాన్నే. తక్కువ పందేల టేబుల్ అంటే ఇలాంటిదే.

52 ముక్కల్లోంచి రెండేసి చొప్పున తీస్తే 1,326 జతలు వస్తాయి. చేతిలో రెండు ఆసులు పడటం సగటున 221 ఆటలకు ఒక్కసారి. అంత అరుదుగా వచ్చిన ఆసులు పట్టుకుని ఉన్నదంతా ఒడ్డినా, ఎదుటివాడి దగ్గర రెండు రాజులుంటే ఐదారుసార్లలో ఒకసారి ఆసులే ఓడతాయి. తప్పేమీ చేయకుండానే డబ్బు పోతుంది. పోకర్‌లో గణితమంతా ఈ ‘తప్పేమీ చేయకుండానే’ దగ్గర మొదలవుతుంది.

ఇప్పుడు లెక్క కోసం ఒక కుర్రాణ్ణి ఊహించుకుందాం. భోగాపురంలో హైవే పక్కన గది, లాప్‌టాప్, దానికి తగిలించిన పెద్ద మానిటర్. చట్టం సంగతి కాసేపు పక్కన పెడదాం. కుర్రాడు తెలివైనవాడు, పుస్తకాలు చదివాడు, తొందరపడడు. ఒక్క టేబుల్ మీద ఆడితే వంద ఆటలకు సగటున 6 బ్లైండ్లు మిగుల్చుకోగలడు అనుకుందాం. తక్కువ పందేల్లో అది మంచి రాబడే. కానీ ఈ 6 అన్నది చాలా పెద్ద హెచ్చుతగ్గుల మధ్య దాక్కుని ఉంటుంది. ఆరుగురు కూర్చునే టేబుల్ మీద వంద ఆటల ఫలితం సగటు నుంచి అటూ ఇటూ 90 బ్లైండ్ల దాకా ఊగడం మామూలు. గణాంకశాస్త్రంలో దీన్ని ప్రామాణిక విచలనం అంటారు. సగటు 6, ఊగిసలాట 90.

ఈ రెండు అంకెలు పక్కపక్కన ఉంటే ఎంత చిక్కో చూడటానికి మన తీరంలోనే మంచి ఉదాహరణ ఉంది. భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో సముద్రం పొడుగునా రొయ్య పిల్లల హేచరీలున్నాయి. సీడ్ కొనడానికి వచ్చిన రైతుకు లక్షల పిల్లల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి ఎవరూ ఇవ్వరు. ఆక్సిజన్ పట్టి కట్టిన సంచుల్లోంచి రైతు తనకు తోచినదొకటి తీస్తాడు. దాన్ని విప్పి పళ్ళెంలో పోసి లెక్కపెడతారు. కంటికి సరిగా ఆనని ఆ పిల్లలు నీళ్ళలో కదులుతుంటే లెక్కపెట్టడం చూడాల్సిందే, చెయ్యి తిరిగినవాళ్ళకు తప్ప మనకు సాధ్యం కాదు. ఒక సంచి చాలకపోతే ఇంకొకటి. అక్కడితో బేరం తెగుతుంది. ఒకటి రెండు సంచులతో పని ఎందుకు జరుగుతుందంటే సంచికీ సంచికీ తేడా తక్కువ కాబట్టి. అదే ఒక సంచిలో పదివేలు, పక్కదానిలో పది, మూడోదాంట్లో మీరే హేచరీకి బాకీ అని తేలితే? ఎన్ని సంచులు విప్పితే నమ్మకం కుదురుతుంది? మన కుర్రాడు కొంటున్నది అలాంటి సీడ్.

ఎన్ని సంచులు అన్నదానికి ఖచ్చితమైన జవాబుంది. పొరపాటు సగానికి తగ్గాలంటే నమూనా నాలుగు రెట్లు కావాలి, పదోవంతుకు తగ్గాలంటే వంద రెట్లు. దీనికి మూలమైన సూత్రాన్ని స్విట్జర్లాండ్ గణితజ్ఞుడు జేకబ్ బెర్నూలీ నిరూపించాడు, ఆయన పోయాక 1713లో అచ్చయింది. అయితే మనకు ఇంకా దగ్గరి మనిషి ఒకరున్నారు. విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీలోనూ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ చదువుకుని కలకత్తా వెళ్ళిన సి.ఆర్. రావు 1945లో, పాతికేళ్ళ ప్రాయంలో, ఒక చిన్న పరిశోధన వ్యాసం రాశారు. సమాచారం ఇంత ఉన్నప్పుడు దాన్నుంచి వేసే నిష్పాక్షికమైన అంచనాలో పొరపాటు ఇంతకంటే తగ్గదు, ఎంత తెలివైన సూత్రం వాడినా సరే, అని అందులో చూపించారు. స్వీడన్ గణితజ్ఞుడు హరాల్డ్ క్రామర్ విడిగా అదే ఫలితానికి చేరాడు. ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని క్రామర్-రావు హద్దు అంటుంది. రాడార్‌లో, వైద్యపరీక్షల్లో, ఉపగ్రహాల దారి లెక్కల్లో అది పనిచేస్తుంది. పేకాటలోనూ పనిచేస్తుంది. కుర్రాడు తన గెలుపోటముల చిట్టా మాత్రమే చూసుకుంటున్నంతకాలం తన అసలు స్థాయిని ఈ హద్దును దాటి తెలుసుకోలేడు.

లెక్క వేద్దాం. తను నిజంగా గెలిచేవాడేనా అన్నది తేలాలంటే, సగటు కనీసం పొరపాటుకు రెండింతలుండాలి అని గణాంకశాస్త్రంలో వాడుక. సగటు 6, విచలనం 90 అయితే దానికి 90,000 ఆటలు కావాలి. ఎదురెదురుగా కూర్చుని ముక్కలు కలిపి పంచుకునే ఆటలో గంటకు పాతిక ముప్ఫై ఆటలు సాగుతాయి. ఆన్‌లైన్‌లో ఒక టేబుల్ మీద 75 దాకా. 90,000ను 75తో భాగిస్తే 1,200 గంటలు. రోజుకు నాలుగు గంటలు మానకుండా ఆడితే మూడొందల రోజులు. తను ఈ ఆటకు పనికొస్తాడో లేదో తెలియడానికే ఏడాది!

అందుకే రెండో టేబుల్ తెరుస్తాడు. తర్వాత మూడోది, నాలుగోది. ఇందులో అత్యాశ కొంత ఉండొచ్చుగాని తర్కం కూడా ఉంది. ఆరు టేబుళ్ళయితే గంటకు 450 ఆటలు. ఏడాది పని రెండు నెలల్లో అయిపోవాలి.

అవదు, ఎందుకంటే బుర్ర ఒక్కటే ఉంది.

ఒకేసారి అనేకం చేయడం గురించి తెలుగువాళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. అష్టావధానం చూశాం. భోగాపురానికి దగ్గర్లోని విజయనగరంలో మహారాజా సంగీత కళాశాలకు 1919లో తొలి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు చేతులతో, కాళ్ళతో, తలతో వేరువేరు తాళాలు ఒకేసారి వేసి చూపించేవారని పేరు. కానీ అవధానాన్ని దగ్గరగా గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. అవధాని ఎనిమిది పనులూ ఒకేసారి చేయడు. ఒక పృచ్ఛకుడి దగ్గర సమస్యకు ఒక పాదం చెప్పి, దాన్ని మనసులో ఒక అరలో పెట్టి, దత్తపది దగ్గరికి వెళ్తాడు. అక్కడొక పాదం. నిషిద్ధాక్షరి దగ్గర అక్షరం తర్వాత అక్షరం. మధ్యలో అప్రస్తుత ప్రసంగి అడ్డుతగులుతాడు. ఒక్కో క్షణంలో ఒక్కటే పని. గొప్పతనమంతా వదిలినచోటికి చెక్కుచెదరకుండా తిరిగిరావడంలో ఉంది. పైగా పృచ్ఛకులు మర్యాదస్తులు, అవధాని తమ దగ్గరికి వచ్చేదాకా ఆగుతారు.

పోకర్ టేబుల్ ఆగదు. దానికి గడియారం ఉంది. పదిహేను ఇరవై సెకన్లలో నొక్కకపోతే మీ చేతిలోవి అదే పడేస్తుంది.

ప్రయోగశాలల్లో తేలింది కూడా ఇదే. ఒక సంకేతానికి ఏం చేయాలో మెదడు ఇంకా తేల్చుకోకముందే రెండో సంకేతం వస్తే, రెండోదానికి జవాబు ఆలస్యమవుతుంది. నిర్ణయం తీసుకునే దారి ఒంటివరస వంతెనలాంటిదని 1952లో బ్రిటిష్ మనస్తత్వవేత్త ఆలన్ వెల్‌ఫర్డ్ వివరించాడు. ఒక పని నుంచి ఇంకో పనికి మారడానికే కొంత సమయం ఖర్చవుతుందనీ, ఎప్పుడు మారబోతున్నామో ముందే తెలిసినా ఆ ఖర్చు పూర్తిగా పోదనీ 1995లో రోజర్స్, మాన్సెల్ ప్రయోగాలు చూపించాయి. పని చేస్తూ చేస్తూ మనసులో పట్టి ఉంచుకోగలిగిన విషయాలు నాలుగుకు అటూ ఇటూ అని 2001లో నెల్సన్ కోవన్ తేల్చాడు.

కుర్రాడి మానిటర్ ముందు ఒక నిమిషం నిలబడదాం. ఆరు టేబుళ్ళు మూడు చొప్పున రెండు వరసల్లో పరిచాడు. ఒక్కో ఆటలో సగటున ఒకటిన్నరసార్లు నిర్ణయం తీసుకోవాల్సి వస్తుందనుకుంటే గంటకు 675 నిర్ణయాలు, అంటే ఐదు సెకన్లకు ఒకటి. చాలావరకు తేలికవే. ఇస్పేటు ఏడు, కళావరు రెండు వస్తే ఆలోచించేదేముంది, పడేయడమే. అర సెకను. కానీ కుడివైపు కింది టేబుల్ మీద ఆటీను రాణి, జాకీ పట్టుకుని ఉండగా ఎదుటివాడు ఉన్నదంతా ముందుకు తోశాడు. ఇది ఆలోచించాల్సిందే, పది సెకన్లు కావాలి. ఆ పది సెకన్లలో ఇంకో రెండు టేబుళ్ళు టింగుమంటాయి, అంచులు మెరుస్తాయి. కన్ను అటు పోతుంది. తిరిగొచ్చేసరికి ఎదుటివాడు మొదటి దశలో పందెం పెంచాడా లేదా అన్నది గుర్తుండదు. సరైన జవాబుకు ఆ ఒక్క విషయమే కీలకం.

ఇలాంటి చిక్కుకు పేకాటతో సంబంధంలేని శాస్త్రం ఒకటుంది. 1909లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఆగ్నర్ ఎర్లాంగ్, కాల్స్ ఒక క్రమం లేకుండా వచ్చిపడుతుంటే ఎన్ని లైన్లు ఉండాలో లెక్కగట్టడం మొదలుపెట్టాడు. క్యూల శాస్త్రం అక్కడ పుట్టింది. ఒక నిర్ణయానికి సగటున రెండు సెకన్లు అనుకుంటే, ఆరు టేబుళ్ళతో కుర్రాడి సమయంలో 37.5 శాతమే పనిలో ఉంటుంది. వరసలో నిలబడ్డ నిర్ణయం సగటున సెకను పైచిలుకు ఆగుతుంది. పన్నెండు టేబుళ్ళయితే 75 శాతం పని, ఆగేది ఆరు సెకన్లు. పదిహేనైతే 94 శాతం పని. ఇంకా ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ ఆగే సమయం ముప్ఫై సెకన్లకు పోతుంది. గడియారం అంతకుముందే అయిపోతుంది. అచ్చంగా ఈ సూత్రమే పోకర్‌కు వర్తించదు, టేబుల్ మనకోసం ఆగినంతసేపు కొత్త పని తేదు. అయినా పోకడ ఇదే. నిండుకు దగ్గరపడేకొద్దీ ఆలస్యం ఎగబాకుతుంది.

అందుకని చాలా టేబుళ్ళు ఆడేవాడు ఆలోచించడం మానేస్తాడు. ఇది నింద కాదు, అతని పద్ధతే అది. రెండు ముక్కల జతలు రంగు తేడాలు కలిపేస్తే 169 రకాలకు దిగుతాయి. ఏవి ఆడాలో, ఏవి పడేయాలో పట్టీ రాసుకుని కంఠతా పెడతాడు. ఎదుటివాళ్ళను గమనించే పని సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తాడు. ఒక్కొక్కరి పేరు పక్కన అంకెలు వచ్చి కూర్చుంటాయి, ఇతను వందలో ఎన్నిసార్లు ఆడతాడు, ఎన్నిసార్లు పెంచుతాడు అని. ఆ అంకెలకు మళ్ళీ రావుగారి హద్దు ఉంది. ఒకడు ఇరవై ఆటల్లో ఐదుసార్లు పెంచితే తెర మీద 25 శాతం అని పడుతుంది. ఇరవై ఆటల్లో దాని పొరపాటు దాదాపు పది శాతం. అంటే అతను పిరికివాడూ కావచ్చు, దూకుడు మనిషీ కావచ్చు. ఒక్క టేబుల్ మీద కూర్చున్నవాడికి ఆ మనిషి ఎలా పెంచాడో, పెంచి ఏ ముక్కలు చూపించాడో కనబడుతుంది. పన్నెండు టేబుళ్ళవాడికి 25 కనబడుతుంది.

ఇప్పుడు దీన్ని డబ్బులోకి మార్చుదాం. టేబుల్ పెరిగిన కొద్దీ వంద ఆటల రాబడిలో అర బ్లైండ్ తగ్గుతుందనుకుంటాను. ఎర్లాంగ్ లెక్క చూశాక ఇది ఉదారమైన ఊహే. ఒక టేబుల్ మీద 6 బ్లైండ్లు, గంటకు 75 ఆటలు, కాబట్టి గంటకు 4.5 బ్లైండ్లు. రెండు టేబుళ్ళయితే రాబడి 5.5కు దిగినా ఆటలు రెట్టింపు, గంటకు 8.25. నాలుగైతే 13.5. ఆరైతే 15.75, ఏడైనా అంతే. కొండ శిఖరం అది. ఎనిమిదికి 15, పదికి 11.25. పన్నెండుకు వచ్చేసరికి వంద ఆటలకు అర బ్లైండ్ మిగులుతుంది, గంటకు 900 ఆటలు, రాబడి సరిగ్గా 4.5. ఒక్క టేబుల్ మీద కాలుమీద కాలేసుకుని టీ తాగుతూ ఆడినప్పుడు వచ్చింది కూడా అంతే. పదమూడో టేబుల్ తెరిస్తే సున్నా.

గంట రాబడి ఒక్కటే చూస్తే ఆరేడు టేబుళ్ళు బాగానే ఉన్నట్టుంది. అసలు చిక్కు తను గెలిచేవాడేనా అని తెలియడానికి పట్టే కాలంలో ఉంది. రాబడి సగమైతే, విచలనం అలాగే ఉంటుంది కాబట్టి, తేలడానికి కావాల్సిన ఆటలు నాలుగు రెట్లవుతాయి. ఆరు టేబుళ్ళతో రాబడి 3.5. తేలాలంటే 2,64,500 ఆటలు, 588 గంటలు. ఒక్క టేబుల్‌తో 1,200 గంటలు పట్టేది. ఆరు రెట్లు వేగంగా పరిగెత్తితే సగానికి సగం కలిసొచ్చింది. పన్నెండు టేబుళ్ళకు దాదాపు కోటీ ముప్ఫై లక్షల ఆటలు కావాలి. 14,400 గంటలు, రోజుకు నాలుగు గంటలు చొప్పున పదేళ్ళు. వేగం పెంచుకోవడానికి చేసిన పనే గమ్యాన్ని అంత దూరం తోసేసింది.

ఈలోపల కుర్రాడు ఏమనుకుంటూ ఉంటాడు? ఆరు టేబుళ్ళతో దాదాపు ఆరు రోజులకు పదివేల ఆటలవుతాయి. “ఈ వారం ఏటి మిగిలిందిరా?” అని స్నేహితుడు అడుగుతాడు. పదివేల ఆటల్లో అతనికి సగటున 350 బ్లైండ్లు రావాలి, కానీ ఊగిసలాట 900. వందకు 35సార్లు, నిజంగా గెలిచే ఆటగాడే నష్టంలో కనబడతాడు. అద్దంలో తిప్పి చూడండి. వంద ఆటలకు 3.5 చొప్పున నిజంగా ఓడిపోయేవాడు వందకు 35సార్లు లాభంలో కనబడతాడు. అలాంటి ఓడేవాళ్ళు వెయ్యిమంది ఆడితే పదివేల ఆటల తర్వాత 350 మంది తమకు విద్య పట్టుబడిందని నమ్ముతుంటారు. లక్ష ఆటల తర్వాత కూడా నూటపదిమంది దాకా నమ్ముతూనే ఉంటారు. మిగతావాళ్ళు చెప్పుకోరు, ఈ నూటపదిమందే చెప్తారు. చిన్న నమూనాలో కూడా అసలు నిజం కనబడుతుందనుకోవడం మనిషి మనసుకు సహజమని 1971లో ఆమోస్ ట్వెర్‌స్కీ, డానియల్ కానెమన్ చూపించారు. ఆ పొరపాటు గణాంకాలు వాడే పరిశోధకుల్లోనే ఉందని వాళ్ళు చెప్పారు. భోగాపురం కుర్రాణ్ణి తప్పుపట్టేదేముంది?

రావుగారి హద్దును తప్పించుకునే దారి ఒకటుంది, అడ్డదారి కాదు. హద్దు మనం చూస్తున్న సమాచారం మీద ఆధారపడి ఉంటుంది. గెలుపోటముల మొత్తమే కాకుండా ముక్కల్ని కూడా లెక్కలోకి తీసుకుంటే సమాచారం పెరుగుతుంది. ఆసులతో రాజుల చేతిలో ఓడినప్పుడు ‘పోయింది’ అని రాసుకోకుండా ‘వందలో ఎనభైరెండు వంతులు నాది’ అని రాసుకోవడం దాని మొదటి మెట్టు. 2019లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ కలిసి తయారుచేసిన ప్లూరిబస్ అనే ప్రోగ్రాం ఆరుగురి పోకర్‌లో మేటి ఆటగాళ్ళను ఓడించింది. వాళ్ళు ఆడించింది పదివేల ఆటలే, పన్నెండు రోజుల్లో. మామూలు లెక్కలో పదివేల ఆటల మీద ఏమీ తేలదని పైన చూశాం. ముక్కల అదృష్టాన్ని వడగట్టే ఒక గణిత పద్ధతి వాడి పొరపాటును మూడోవంతు దరిదాపులకు తగ్గించారు. వంద ఆటలకు 5 బ్లైండ్లకు కాస్త తక్కువగా గెలుస్తోందని అప్పుడు తేలింది. ఆ వడగట్టే పద్ధతికి ప్రోగ్రాం తన ప్రతి నిర్ణయాన్నీ అంకెల్లో చెప్పగలగాలి. మనిషి చెప్పలేడు.

ఇంతవరకూ ఒక మనిషిని లెక్కలోకి తీసుకోలేదు, టేబుల్ వేసినవాణ్ణి. ప్రతి పాట్‌లోంచీ అతను కొంత కోసుకుంటాడు. దాన్ని రేక్ అంటారు, తక్కువ పందేల్లో ఐదు శాతం దాకా ఉండటం మామూలు. పెద్ద పందేల్లో కోతకు గరిష్ఠ పరిమితి ఉంటుంది కాబట్టి లక్షల పాట్‌లో అది కనబడదు. చిన్న పాట్ ఆ పరిమితిని అందుకోదు, కనుక పూర్తి శాతం కట్టేది చిన్నవాడే. పాట్ సగటున 9 బ్లైండ్లు అనుకుంటే, ఆరుగురి టేబుల్‌లో ఒక్కొక్కరి వాటాకు వంద ఆటలకు 7.5 బ్లైండ్లు కోత పడుతుంది. కుర్రాడి 6 బ్లైండ్లు ఈ కోత పోగా మిగిలినవి. అంటే తోటి ఆటగాళ్ళ మీద అతను నిజంగా 13.5 గెలుస్తున్నాడన్నమాట.

ఆరు టేబుళ్ళ దగ్గరే చూద్దాం. గంటకు 15.75 బ్లైండ్లు, రెండేసి రూపాయల చొప్పున ముప్ఫైఒకటిన్నర రూపాయలు అతనికి. అదే గంటలో అతని వాటా నుంచి నిర్వాహకుడికి 67 రూపాయల యాభై పైసలు. పన్నెండు టేబుళ్ళకు పోతే అతనికి తొమ్మిది రూపాయలు, నిర్వాహకుడికి 135. ఆరు టేబుళ్ళు ఎనిమిది గంటలు ఆడితే 252 రూపాయలు చేతికొస్తాయి. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307. పైగా నిషేధం రాకముందు, 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపులో 30 శాతం మూలంలోనే పన్ను కోసేవారు. అదే ఏడాది అక్టోబరు నుంచి ఆటకని వేసిన సొమ్ము పూర్తి విలువ మీద 28 శాతం జీఎస్టీ.

కుర్రాడికి తేలడానికి లక్షల ఆటలు కావాలి గదా, నిర్వాహకుడికి ఎన్ని కావాలి? ఆలోచించి చూస్తే ఒక్కటీ అక్కర్లేదు. ఎవరు గెలిచినా కోత కోతే. అతని రాబడిలో ఊగిసలాట పాట్ చిన్నదా పెద్దదా అన్న మేరకే. వేల టేబుళ్ళ మీద అది ఒక్క గంటలోనే చదునైపోతుంది. బెర్నూలీ సూత్రం అందరికీ ఒకటే, కానీ పెద్ద సంఖ్యలు ముందుగా చేరేది అతని దగ్గరికే.

ఇంత లాభం ఉన్నప్పుడు కంపెనీలు ఎన్ని టేబుళ్ళయినా తెరవనివ్వాలి. చాలాకాలం అలాగే ఇచ్చాయి. అప్పట్లో ప్రపంచంలో అతిపెద్ద పోకర్ సైటయిన పోకర్‌స్టార్స్‌లో నగదు ఆటలు ఒకేసారి ఇరవైనాలుగు దాకా ఆడేవాళ్ళు. 2019లో ఆ కంపెనీయే దాన్ని నాలుగుకు దించింది. కోవన్ నాలుగుకూ దీనికీ సంబంధం లేదు, మెదడు మీద జాలితో చేసిన పనీ కాదు. ఇరవైనాలుగు టేబుళ్ళ మీద పట్టీ చూసి ఆడేవాడు ప్రతి నిర్ణయానికీ గడియారం చివరి సెకను దాకా లాగుతాడు, మంచి ముక్కలు వచ్చేదాకా పడేస్తూనే ఉంటాడు. సరదాగా ఓ గంట ఆడుకుందామని వచ్చిన మనిషి ఆ టేబుల్ మీద విసిగిపోయి లేచిపోతాడు. సైటులోకి కొత్త డబ్బు వచ్చేది ఆ మనిషి జేబులోంచే.